కళ్ళు మూసుకుని ఎత్తిన చేతులు

టైలర్‌కి తోడల్లుడంటే కడుపుమంట. అది తోడల్లుడు పెద్ద ఫ్రిజ్ కొన్నప్పుడు మొదలైంది, నలభై దాటినా వాడికి పొట్ట రాకపోయేసరికి ముదిరింది. పార్టీ ఒక్కటైనా తనకు మిగిలిందనుకున్నాడు. వార్డులో ఎగిరే ప్రతి జెండా తన మిషన్ మీద కుట్టిందే. తీరా చూస్తే, కళ్ళజోళ్ళ షాపు తోడల్లుడు నిన్నగాక మొన్న పార్టీలో చేరి, వార్డు అధ్యక్ష పదవికి తన మీదే పోటీకి దిగాడు.

"నువ్వు గెలిచినా నేను గెలిచినా ఒకటే కదా అన్నయ్యా!"

"ఒకటే తమ్ముడూ," అన్నాడు టైలర్, పళ్ళు బిగించి.

ఆ పార్టీలో ఒక పద్ధతుంది. మొహమాటాలు లేకుండా అందరూ కళ్ళు మూసుకుని చెయ్యెత్తాలి. రిటైర్డ్ హెడ్మాస్టరు లెక్కపెడతారు. సమానంగా వస్తే ఆయన ఎవరంటే వాళ్ళే. ఆయన ప్యాంట్లన్నీ టైలర్ కుట్టినవే కాబట్టి ఆ బెంగ లేదు.

ముందు తోడల్లుడి పేరు పిలిచారు. టైలర్ ఒక కన్ను సన్నగా తెరిచాడు. ద్రోహులెవరో చూసుకోకపోతే ఎవరి బట్టలు ఆలస్యం చెయ్యాలో ఎలా తెలుస్తుంది? చూస్తే, తను కొనిచ్చిన వాచీతో సహా తన భార్య చెయ్యి గాల్లో ఉంది.

ఠక్కున కళ్ళు మూసేసుకున్నాడు. ఆ మంటలో తర్వాత ఏ పేరు పిలిచారో చెవికెక్కలేదు.

"ఒక్క ఓటు తేడా. కళ్ళజోళ్ళాయన గెలిచాడు," అన్నారు హెడ్మాస్టరు.

ఇంటికొచ్చి చెప్పులు విసిరాడు. "ఇంటి దొంగ ముంచింది!"

"దొంగెవరండీ? మీ పేరు పిలిస్తే చెయ్యి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నది మీరే."

"నువ్వు కళ్ళు తెరిచావా?"

"మీరు తెరవలేదా?"

"మరి వాడికెందుకెత్తావ్?"

"ఇద్దరికీ ఎత్తాను. మీరూ కావాలి, మా చెల్లెలూ కావాలి."

టైలర్ కుర్చీలో కూలబడ్డాడు. తనకు ఓటెయ్యని ద్రోహి తనే. పార్టీలో చెబుదామంటే తొంగిచూశానని ఒప్పుకోవాలి. మెల్లగా అడిగాడు.

"మీ చెల్లెలు కూడా ఇద్దరికీ ఎత్తిందా?"

"లేదండీ. అది నిజంగానే కళ్ళు మూసుకుని, వాళ్ళాయనొక్కడికే ఎత్తింది."

"చూశావా!" అన్నాడు టైలర్. "పెళ్ళాం కూడా వాడికే మంచిది దొరికింది."