కొత్త టైర్ల వారం

నివెస్ తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. నిన్నటి ఫొకాచ్చా రొట్టెను కాఫీలో ముంచుకుని నిలబడే తింటుంది. కూర్చుంటే మళ్ళీ లేవాలి కదా, యాభై ఆరేళ్ళ మనిషి. నాలుగున్నరకల్లా బకెట్లూ తుడుపు కర్రలూ మూడు చక్రాల మోటారుసైకిలు వెనక పెట్టెలో సర్దుకుని తానుండే సాంపియెర్దరేనా పేట నుంచి బయల్దేరుతుంది. ఒరెజీనా కొండ మీద ఆరు అపార్టుమెంట్లు. ఆరింటికీ కలిపి ఎన్ని మెట్లో ఆమె మోకాళ్ళకు తెలుసు. ప్రతి గుమ్మం పక్కనా కంపెనీ వాళ్ళు ఒక నల్ల బిళ్ళ అంటించారు. దానికి ఫోను తాకిస్తే, ఆమె వచ్చిన సమయం ఎక్కడో ఒక తెర మీద పడుతుంది. ఆ తెర ముందు కూర్చున్నవాడు జీవితంలో ఒక్క మెట్టు తుడిచి ఉండడు.

ఆమె బండికి ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మలుపులో ముందువి రెండూ కలిసి ఒక పక్కకి వంగుతాయి. మామూలు మోటారుసైకిలు వానలో రెండుసార్లు పడేశాక నివెస్ దీన్ని కొనుక్కుంది. టైర్లకు దారులు గుర్తుంటాయి కాబట్టి, కొండెక్కేటప్పుడు ఆమె సగం నిద్రలోనే ఉంటుంది. మూడేళ్ళుగా అదొక్కటే ఆమెకు దొరికిన విశ్రాంతి.

చిక్కల్లా టైర్లు అరిగిపోయినప్పుడే. కొత్తవాటికి ఏ దారీ తెలియదు. వేయించుకున్న వారం రోజులూ ఎంత ఊరెరిగిన మనిషైనా ఒక సందులోకి తిరగబోయి ఇంకో సందులో తేలాల్సిందే. అందుకే జెనోవాలో పనివాళ్ళందరికీ ‘కొత్త టైర్ల వారం’ ఉంటుంది. ఆ వారం ఆలస్యాన్ని ఎవరూ లెక్కపెట్టరు. పోయిన చలికాలం నివెస్ కంపెనీ దాన్ని ఎత్తేస్తున్నట్టు సామాన్ల గది తలుపుకి కాగితం అంటించింది. ‘ఆధునిక సేవారంగంలో టైర్ల అజ్ఞానం ఉద్యోగి వ్యక్తిగత బాధ్యత’ అని అందులో ఉంది. అందరూ చదివారు. అందరూ గొణుక్కున్నారు.

గొణుగుడు మా ఊరికి తాతలిచ్చిన ఆస్తి. పూర్వం ఓడెక్కేటప్పుడు, గొణుక్కునే హక్కు కావాలన్న నావికుడికి జీతం తగ్గించేవారట. మావాళ్ళు ఆ తక్కువ జీతానికే సంతకం పెట్టేవారట. ఇక్కడ దీన్ని గర్వంగా చెప్పుకుంటారు. యజమానికి ఇంతకంటే చవకైన బేరం ఎక్కడైనా దొరికిందా అని మాత్రం ఎవరూ అడగరు.

నివెస్ బండి సీటు కింద అప్పటికే కంపెనీ పంపిన హెచ్చరిక ఉత్తరాలు రెండున్నాయి. మూడోది వస్తే ఉద్యోగం పోతుంది.

శనివారం మధ్యాహ్నం ఆమె తులియో టైర్ల కొట్టుకి వెళ్ళింది. తులియో వంగి ఎడమ టైరు మీద బొటనవేలితో రుద్దాడు.

“ఇది టైరా, బిషప్పుగారి బట్టతలా?”

“కొండ దిగే మలుపులన్నీ దాని మీదే పడతాయి.”

“కుడిదానికి గాడులు బాగానే ఉన్నాయి. అయినా రెండూ మార్చాలి. ముందువి జంట, ఒకదాన్నే మార్చకూడదు.” అతను రెండు కొత్త జతలు దొర్లించుకొచ్చాడు. “ఇవి మెత్తవి. తడి రాయిని బల్లిలా పట్టుకుంటాయి, ఏడాదిన్నరలో అరిగిపోతాయి. ఇవి గట్టివి. నీకంటే ఎక్కువ కాలం బతుకుతాయి, కానీ వానలో సబ్బుముక్కలే.”

“రెండిటికీ దారి తెలీదు కదా.”

“పసిపిల్లలమ్మా. మొన్న మార్చిలో పుట్టారు. పక్కన ముద్ర చూడు.”

“వారం రోజులు నాకెక్కడివి తులియో? ఇంకోసారి ఆలస్యమైతే పంపించేస్తారు. కొండ తెలిసిన పాతవేమైనా ఉన్నాయా?”

“పోస్టుమాన్ జత ఉంది. ఒరెజీనా అంతా కంఠస్థం. కానీ ప్రతి గుమ్మం ముందూ ఆగుతాయి.”

నివెస్ టైర్ల దొంతర మీద కూర్చుండిపోయింది. “నా కుడిది ఉంచు. ఆరిళ్ళూ దానికి తెలుసు. ఎడమవైపుకి అదే కంపెనీ, అదే నమూనా, పాతదొకటి వెతుకు.”

“అలా కలపకూడదు తల్లీ. పక్కపక్కన తిరిగేవి ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకుంటాయి. ఏది దేనికి నేర్పుతుందో నేను చెప్పలేను.”

“నాది మొండిది. ఏదీ నేర్చుకోదు.”

“టైరు సంగతా, నీ సంగతా?”

తిడుతూనే వెతికాడు. కొలత చూశాడు, బరువు అంకె చూశాడు, పక్కల్లో పగుళ్ళు లేవని వంచి చూశాడు. “ఇదొక్కటే సరిపోతుంది. ఎర్మెతేది. రేవు కూలీ, పోయిన ఆకురాలు కాలంలో చనిపోయాడు. జతలో రెండోదానికి మేకు దిగింది.”

“ఎక్కడెక్కడ తిరిగింది?”

“ఇల్లు, రేవు, రేవు పక్కన కూలీల సంఘం గది. పనికి ముందొకసారి, పనయ్యాకొకసారి ఆ గదికి వెళ్ళాల్సిందే.”

“కొండకి పోనిస్తుందా?”

“అడిగి చూడు,” అన్నాడు తులియో, జాకీ ఎత్తుతూ.

సోమవారం తెల్లవారుజామున కూడలి దాకా బండి బాగానే నడిచింది. అక్కడ ఒక దారి కొండ మీదికి, ఇంకొకటి కిందికి రేవు వైపు పోతాయి. కుడి టైరు ఎప్పట్లాగే పైకి తిరిగింది. ఎడమది కిందికి తిరిగింది. బండి ముందు భాగం రెండుగా చీలుతుందేమో అనిపించింది. నివెస్ పళ్ళు బిగించి హ్యాండిల్ పట్టుకుని, దున్నపోతును చెరువులోంచి లాగినట్టు దాన్ని కొండెక్కించింది. మొదటి గుమ్మం దగ్గర ఫోను తాకించేసరికి తొమ్మిది నిమిషాలు ఆలస్యం.

మూడో ఉత్తరం గురువారం వచ్చింది. ఐదు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవచ్చనీ, ఇవ్వకపోతే తప్పు ఒప్పుకున్నట్టేననీ అందులో ఉంది.

“జవాబు రాయి అక్కా,” అంది యెసెనియా. ఎదురు అపార్టుమెంటు తుడిచే మనిషి. సముద్రం అవతలి గుయాకిల్ నుంచి వచ్చి పదేళ్ళయింది.

“ఏమని రాయను? ఆలస్యమైంది నిజమే కదా. నీకు వచ్చినదానికి నువ్వు రాశావా?”

“నాదా? ఫ్రిజ్ మీద పెట్టాను.”

“చూశావా మరి.”

శుక్రవారం, శనివారం, సోమవారం. పొద్దున వెళ్ళేటప్పుడు కూడలిలో ఎడమ టైరు కిందికి లాగేది. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడూ లాగేది. ఆమె చేతులు భుజాల దాకా నొప్పెట్టి గుడ్డ పిండడానికి కూడా రాలేదు. ఉద్యోగం పోతే ఏం చేయాలో ఆమె ఆలోచించలేదు. పోయాక నాలుగింటికి లేవక్కర్లేదని మాత్రం ఒకసారి అనుకుంది. అనుకున్నందుకు భయపడింది.

మంగళవారం ఐదో రోజు. రెండింటికి పని ముగించుకుని సన్నటి వానలో కొండ దిగింది. బూట్లు విప్పకుండా మంచం మీద పడిపోవాలని తప్ప ఇంకే కోరికా లేదు. కూడలి వచ్చింది. ఎడమ టైరు లాగింది. నివెస్ అలవాటుగా కుడివైపు బలం కోసం చూసింది. బలం లేదు. మూడేళ్ళు ఆరిళ్ళ దారి తప్ప ఇంకోటి ఎరగని ఆ కుడి టైరు, ఎడమదానితో కలిసి మెల్లగా వంగింది. ఆపాలంటే ఆపొచ్చు. ఆమెకు ఓపిక లేకపోయింది.

బండి కూలీల సంఘం గది పచ్చ ఇనుప తలుపు ముందు ఆగింది. లోపల ఒకావిడ కోటు విప్పకుండానే చలి కాచుకునే స్టవ్ పక్కన కూర్చుని కాగితాలు చూస్తోంది. పేరు ఒర్నెల్లా. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గుమ్మంలోంచి బండి చక్రాల వైపు చూసింది.

“ఎర్మెతే టైరు. ఏడు నెలలైంది ఇటు వచ్చి.”

“నాకిక్కడ పనేం లేదండి. బండి తిప్పుకొచ్చింది.”

“అందరూ ఏదో ఒకటి తిప్పుకొస్తేనే వస్తారు. ఉత్తరం తెచ్చావా? ఎన్నో రోజు?”

“ఐదో రోజు.”

ఒర్నెల్లా గడియారం చూసింది. “పోస్టాఫీసు మూసేలోగా అవుతుంది. కూర్చో.”

స్టవ్ పక్కన ఖాళీగా ఉన్నది ఎర్మెతే కుర్చీ. నివెస్ దాని అంచున కూర్చుంది. సీటు కింది నుంచి నివెస్ తెచ్చిచ్చిన మూడు ఉత్తరాలూ ఒర్నెల్లా చదివి, బీరువాలోంచి మెట్లు తుడిచేవాళ్ళ ఒప్పందం పుస్తకం తీసి ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది.

“కొత్త టైర్ల వారం ఇదిగో ఉంది. రెండు పక్షాలూ సంతకం పెట్టాయి. ఒక పక్షం తలుపుకి కాగితం అంటిస్తే పోదు. అంటించినప్పుడు మీరేం చేశారు?”

“గొణుక్కున్నాం.”

“కంపెనీని ఎవరైనా ఇదేంటని అడిగారా?”

నివెస్ నేల వైపు చూసింది. ఎవరో బాగానే తుడిచారు, మూలలు తప్ప. “కానీ నాది పాత టైరు,” అంది.

“నీ బండికి కొత్తదేగా.” ఒర్నెల్లా కాగితం, కలం ముందుకి జరిపింది. “నేను చెప్పను. నీ మాటల్లో నువ్వే రాయి.”

బజారు సామాన్ల చీటీ కాకుండా నివెస్ ఇంకేదైనా రాసి చాలా ఏళ్ళయింది. ఆమె రాసింది ఇంతే: ‘తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన మాట నిజం. అది నా కొత్త టైర్ల వారం. అది నా హక్కు.’ ఆఖరి వాక్యం రాశాక కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది, ఇంకెవరో రాసినట్టు.

పదిరోజులకి కంపెనీ నుంచి ఒక వాక్యం వచ్చింది. ‘ఈ విషయాన్ని ఇంతటితో ముగించడమైనది.’ క్షమాపణ లాంటిదేమీ లేదు. తలుపు మీది కాగితాన్ని ఎవరు పీకేశారో తెలియదు.

ఆ తర్వాతి మంగళవారం పని అయ్యాక నివెస్ మళ్ళీ కొండ దిగింది. మోకాళ్ళు ఎప్పట్లాగే నొప్పిగా ఉన్నాయి. దారి పొడుగునా ఆమె వాటి గురించి గొణుగుతూనే ఉంది. కూడలిలో ఆమె హ్యాండిల్ తిప్పకముందే రెండు టైర్లూ కలిసి రేవు వైపు వంగాయి. వెనక సీటు మీద యెసెనియా, గడువు దాటినా సరేనని ఫ్రిజ్ మీంచి తీసిన ఉత్తరం వానకి తడవకుండా కోటు లోపల పెట్టుకుని, ఒక చేత్తో నివెస్ నడుము గట్టిగా పట్టుకుంది.