చివరికి దాచుకున్న పేపరు

బిందుమాధవి మేడమ్ దగ్గర గురుకులం ఎంట్రెన్స్ కోచింగుకు వచ్చే పిల్లల పేపర్లు దిద్దేది ఎస్తేరు. ఈ సంగతి పిల్లల తల్లిదండ్రులకు తెలియదు. తెలిస్తే వంటమనిషి పేపర్లు దిద్దడమేమిటని మూతులు తిప్పుకునేవాళ్ళే. ఆ పనికి చదువుకంటే నిదానం ముఖ్యం, ఎస్తేరుకు అది కావలసినంత ఉంది.

మేడమ్ మిఠాయి డబ్బా అట్టను జవాబు పత్రం కొలతకు కత్తిరించి, సరైన జవాబు ఉండాల్సిన చోటల్లా అగరొత్తి నిప్పుతో చిల్లులు పెట్టింది. ఆ అట్టను పిల్లల పత్రం మీద ఆనిస్తే, చిల్లులోంచి నల్లగా దిద్దిన సున్నా కనబడితే మార్కు, తెల్ల కాగితం కనబడితే తప్పు. పిల్లలు పక్కవాళ్ళని చూసి రాయకుండా ప్రశ్నలు తారుమారు చేసి ఎ, బి అని రెండు సెట్లు అచ్చువేయించేది గనుక అట్టలూ రెండే. ఎస్తేరు ముందు ఎ కట్ట దిద్దేది, తర్వాత బి కట్ట. ఈ పనికి ప్రతిఫలంగా ఆమె కూతురు ఏంజెల్ కూడా ఆ నలభై మందిలో కూర్చుని చదువుకునేది. నాలుగో తరగతి పిల్ల. సీటొస్తే ఐదు నుంచి ఇంటర్ దాకా గురుకులంలోనే తిండి, చదువు, పడక.

ఆ సీటు కోసం ఎస్తేరు ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి ప్రార్థన చేసేది. నోటితో చేసేది. మనసు మాత్రం ఇంకో ప్రార్థన చేసుకునేది, దేవుడు రెండూ వింటాడని తెలిసి కూడా.

ఎందుకంటే ఆమెకు హాస్టలు తెలుసు. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి మూడో తరగతిలో తీసుకెళ్ళి హాస్టల్లో దింపితే, ఏడో తరగతిదాకా అక్కడే పెరిగింది. నెలకోసారి అమ్మ వచ్చి చెట్టుకింద గంటసేపు కూర్చోబెట్టుకుని తలదువ్వి వెళ్ళిపోయేది. ఏడో తరగతిలో ఆ అమ్మా పోయింది. ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా ఎస్తేరుకు అమ్మ దువ్వెన తగిలిన తల గుర్తొస్తుంది గానీ అమ్మ చేతి అన్నం రుచి గుర్తు రాదు. భర్త కొమరయ్య పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్ళు మధ్యాహ్నం ఇంటికొచ్చి తినేవాడు, అది ఊరవతలి బాటసింగారం పోయాక వారానికి రెండుసార్లు ముఖం చూపిస్తే గొప్ప. ఇక ఆ ఒంటిగదిలో ఆమెకు మిగిలింది ఏంజెల్ మాటలే. ఆ పిల్ల నిద్రలో కూడా మాట్లాడుతుంది.

గ్రాండ్ టెస్టు ఆదివారం జరిగింది. దరఖాస్తులకు గురువారం ఆఖరు. మేడమ్ గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ‘నలభై మంది రాస్తే ముప్ఫై ఆరు సీట్లు’ అని ఉంటుంది. ఆ లెక్క చెడకుండా ఆవిడకో పద్ధతి ఉంది: గ్రాండ్ టెస్టులో వందకు నలభై మార్కులు దాటని పిల్లల చేత దరఖాస్తే పెట్టించదు. ఆ ఆదివారం సాయంత్రమే మార్కులు చదువుతూ, “ఏంజెల్, ఇరవై నాలుగు” అని ఆగింది. అరవైకి తగ్గని పిల్ల అది.

“ఏవిటే ఇది? భయపడ్డావా?” అంది మేడమ్. పిల్ల తల దించుకుంది. మేడమ్ వంటింట్లోకొచ్చి ఎస్తేరుతో, “బాధపడకు. ఇక్కడే బళ్ళో చదువుకుంటుందిలే. ఊరికే పరీక్షకి పంపి చిన్నదాని మనసు విరిచేయడం ఎందుకు?” అంది.

“మీ ఇష్టం మేడమ్,” అంది ఎస్తేరు. లోపల గుండె మీంచి బండ దిగింది. దిగినందుకు సిగ్గేసింది కూడా.

ఇంటికొచ్చాక పిల్ల పడేసిన జవాబు పత్రాన్ని మడతపెట్టబోతూ పైమూల చూసింది. అక్కడ ‘ఎ’ అని ఉంది.

ఎస్తేరుకో అలవాటు. పళ్ళెంలో తీపిముక్కను చివరికి దాచుకున్నట్టు, కూతురి పేపరును కట్టలోంచి తీసి అన్నిటికంటే అడుగున పెట్టుకునేది. అందరివీ దిద్దాక, తీరుబడిగా, ఒక్కో చిల్లులోంచి నల్లచుక్క కనబడుతుంటే మురిసిపోతూ దిద్దేది. ఆ ఆదివారం అడుగుదాకా వచ్చేసరికి ఆమె చేతిలో ఉన్నది బి అట్ట. అదే అట్టతో కూతురి ఎ పేపరు దిద్దేసింది. ప్రేమకొద్దీ దాచుకున్న పేపరే, ప్రేమకొద్దీ తప్పు దిద్దింది.

సోమవారం మేడమ్ పూజలో ఉండగా ఎ అట్ట తీసి పత్రం మీద ఆనించింది. లెక్కపెట్టింది. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టింది. ఎనభై మూడు.

పూజ ముగించుకుని మేడమ్ వచ్చేసరికి అట్ట యథాస్థానంలో ఉంది, ఎస్తేరు కందిపప్పు కడుగుతోంది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, ఉప్పెంత వేయాలో అడిగింది. కంచే చేను మేయడమంటే ఇదేనని ఆమెకు తెలియకపోలేదు. కానీ గురువారం ఎంతో దూరం లేదు. తేలుకుట్టిన దొంగలా మూడు రోజులు నోరు మూసుకుంటే చాలు, పిల్ల ఇంకా ఎనిమిదేళ్ళు పక్కనే పడుకుంటుంది. మూడు రోజులకి ఎనిమిదేళ్ళు. ఎస్తేరు ఆశకు అది చాలా చవక బేరం. సోమవారం రాత్రి పిల్లకు తనే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. “నేను చిన్నపిల్లనా అమ్మా?” అని ఏంజెల్ విసుక్కుంటూనే తింది.

మంగళవారం సాయంత్రం ఎస్తేరు పనినుంచి వచ్చేసరికి ఏంజెల్ గడపలో బోర్లాపడుకుని అదే ప్రశ్నపత్రం ముందేసుకుంది. పక్కన ఎర్రటిక్కులున్న జవాబు పత్రం, నోటుబుక్కు.

“గది మల్ల ఎందుకు బిడ్డా?”

“అన్నీ మల్ల చేసిన అమ్మా. మూడుసార్లు చేసిన. నాకు మల్ల గవే ఒస్తున్నయ్.” పిల్ల నోటుబుక్కు ముందుకు జరిపింది. “టిక్కు లేనియన్నీ తప్పేనంట గద. గీ లెక్క చూడు. ఏడెనిమిదులు యాభై ఆరు అనుకున్న ఇన్ని రోజులు. గది తప్పంట.”

ఎస్తేరు చేతిసంచి కింద పెట్టలేదు.

“అందుకే ఇప్పుడు నేర్చుకుంటున్న. ఏడెనిమిదులు యాభై నాలుగు,” అంది ఏంజెల్. కళ్ళు మూసుకుని మళ్ళీ అంది, “ఏడెనిమిదులు యాభై నాలుగు. ఏడెనిమిదులు యాభై నాలుగు.” నోటుబుక్కులో సరైన జవాబులన్నీ కొట్టేసి పక్కన మిగిలిన ఆప్షన్లలోంచి వేరేవి రాసి ఉన్నాయి, రెండు పేజీల నిండా, గుండ్రటి అక్షరాలతో. “అమ్మా, నా దిమాగ్ మంచిగ లేదేమో. దవాఖానల చూపిస్తవా?”

ఎస్తేరు తనకోసం ఇంత పాపం మోయగలననుకుంది, మోసింది కూడా. పిల్ల తనను తాను తెలివితక్కువదనుకుంటుందని మాత్రం ఆమె లెక్కలో లేదు. తనను అమ్మ దగ్గర లేని పిల్లగా పెంచారు, తను పెంచేదేమో తన బుర్రనే నమ్మని పిల్లను. ఏది మేలు? ఆ జవాబు పత్రం అందుకుని వెనక్కి తిరిగి, వేసుకున్న చెప్పులతో అట్లాగే చైతన్యపురి రోడ్డు దాటుకుని, మేడమ్ ఉండే మూడో అంతస్తుకు లిఫ్టు కోసం ఆగకుండా ఎక్కింది.

“మేడమ్, పొల్లకు ఎనభై మూడు. నేను వేరే అట్టతోని దిద్దిన.”

బిందుమాధవి తనే అట్ట పెట్టి చూసుకుంది. “ఇదెప్పుడు తెలిసింది నీకు?”

అబద్ధానికి వీలుంది. ఇప్పుడే తెలిసిందంటే సరిపోయేది. “ఆయితారం సంది తెలుసు మేడమ్.”

ఆవిడ కోప్పడడానికి నోరు తెరిచింది. ఎస్తేరు ముఖంలోకి చూసి, ఏమనుకుందో, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “కూర్చో. ఆధార్ కార్డు, పిల్ల ఫొటో రేపు పొద్దున్నే పట్రా. రేపే పెట్టేద్దాం.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “ఇకనించీ నీ పిల్లది మాత్రం నేను దిద్దుతా,” అంది. అది శిక్షో దయో ఎస్తేరుకు అర్థం కాలేదు, రెండూ తీసుకుంది.

ఇంటికొచ్చి గడపలో కూతురి పక్కన కూలబడింది. “నువ్వు మంచిగనే చేసినవ్ బిడ్డా. నీకు ఎనభై మూడొచ్చినయ్. దిద్దింది నేనే తప్పు. గది తెలిసి గూడ చెప్పలే.”

“ఎందుకు చెప్పలే?”

“నువ్వు పోతవని.”

ఏంజెల్ ఆ మాట విందో లేదో. ఎనభై మూడు దగ్గరే ఆగిపోయింది ఆ పిల్ల. ఎగిరింది, పక్కింటి తలుపు కొట్టి చెప్పొచ్చింది, నోటుబుక్కులో రెండు పేజీలూ చింపేసింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. అక్కడ పెట్టె ఎవరికి వాళ్ళకే ఉంటుందా, మంచం పైదా కిందిదా, పొద్దున ఎన్నింటికి లేపుతారు, ఆటలుంటాయా. ఎస్తేరు తనకు తెలిసినంత చెప్పింది. ఒక్క ప్రశ్న కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది: నువ్వు లేకుండా ఎట్ల ఉంటనమ్మా అని. పొయ్యి వెలిగించింది, అన్నం వండింది, వార్చింది. ఆ ప్రశ్న రాలేదు.

కంచం ముందు కూర్చున్నాక ఏంజెల్ ఒక్కసారి ఆగింది. “అమ్మా, నువ్వు గూడ హాస్టల్ల ఉన్నవ్ గద. ఆడ మంచిగుంటదా?”

ఎస్తేరు ముద్ద కలుపుతూ తల ఎత్తలేదు. “మస్తుగుంటది బిడ్డా. ఇల్లు యాదికే రాదు.”

“గట్లయితే నేనేడ్వ,” అంది ఏంజెల్, ఈసారి విసుక్కోకుండా నోరు తెరిచి.