ఆక్సిజన్ సిలిండరూ ఉన్ని జిడ్డూ

మధ్యాహ్నం మూడున్నర దాటితే నా చేతులు చల్లబడతాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో పాములకు భయపడలేదు, కార్చిచ్చుకు భయపడలేదు, వరసగా మూడేళ్ళు వాన మొహం చాటేసినా బెదరలేదు. గడియారంలో నాలుగు గంటలంటే మాత్రం భయం.

మా ఆయన క్లెమ్‌కి తలనొప్పి వచ్చేది అప్పుడే. మాత్ర వేసుకుని కాసేపు పడుకుంటే పోయే తలనొప్పి కాదు. ఏటా ఏప్రిల్‌లో, ఎండాకాలం పోయిందని మా దేశంలో గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారం మొదలై, తొమ్మిది వారాలు రోజూ అదే వేళకి తప్పకుండా వస్తుంది. కుడి కన్ను ఎర్రబడి రెప్ప వాలిపోతుంది, అటువైపు ముక్కు కారుతుంది. కూర్చోలేడు, పడుకోలేడు. ఆరడుగుల మనిషి, షెడ్డు వెనక రేకుల గోడకి తల కొట్టుకుంటాడు. గంటన్నర అయ్యాక ఏమీ జరగనట్టు వచ్చి టీ అడుగుతాడు. డాక్టరమ్మ దానికి క్లస్టర్ తలనొప్పి అని పేరు చెప్పింది. పేరు తెలిసినంత మాత్రాన నాకు ఒరిగిందేమీ లేదు.

కిందటేడు ఒక సాయంత్రం, నొప్పి దిగాక, నా మొహం చూడకుండా అన్నాడు: "నెరిడా, తుపాకుల బీరువా తాళంచెవి నాకు కనబడకుండా దాచెయ్. ఎక్కడ దాచావో చెప్పకు."

ఎందుకని నేను అడగలేదు. గొర్రెలున్న ఇంట్లో తుపాకీ ఉంటుంది, నక్కలు ఊరుకోవు కదా. తాళంచెవి పిండి డబ్బా అడుగున పాతిపెట్టాను. అప్పటినుంచీ పిండి తీసిన ప్రతిసారీ వేలితో తడిమి, తగిలాకే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఈ ఏడు డాక్టరమ్మ ఆక్సిజన్ రాసింది. నొప్పి మొదలవగానే మాస్కు పెట్టుకుని, నిమిషానికి పదిహేను లీటర్ల చొప్పున పావుగంట పీలిస్తే చాలామందికి దిగిపోతుందట. మంగళవారం పొద్దున తొంభై కిలోమీటర్ల అవతల నుంచి లారీ వచ్చింది. నా నడుం దాకా వచ్చే సిలిండరు, దానికి బిగించే రెగ్యులేటరు, సంచీ ఉన్న మాస్కు దించారు. డ్రైవరు ఒక్కో వేలూ మడుస్తూ చెప్పాడు. గోడకి గొలుసుతో కట్టాలి, పొయ్యి దగ్గర పెట్టకూడదు, ఆ గదిలో సిగరెట్టు కాల్చకూడదు, నూనె గానీ గ్రీజు గానీ అస్సలు తగలకూడదు. తగిలితే వాల్వు తిప్పగానే భగ్గుమంటుందన్నాడు.

నేను తల ఊపి సంతకం పెట్టాను. ఆ రోజు మా షెడ్డులో ఉన్ని కత్తిరింపు, పది మందికి భోజనం వండాలి. బిగించే పని మామగారికి అప్పజెప్పి వంటింట్లోకి పరుగెత్తాను. "అక్కడ పొగ తాగకు, ఆబ్" అన్నానే గానీ జిడ్డు సంగతి నోటికి రాలేదు. ఆ తప్పు నాదే, ఎవరిమీదకీ నెట్టను.

మామగారి పేరు ఆబ్రీ. ఊరందరికీ ఆబ్, నాకూ ఆబే. ఎనభైకి ఒకటి తక్కువ. మా బోరు నీళ్ళ ఉప్పుకి ఇక్కడ ఇనుము ఏడాది నిలవదు. అందుకని ఈయన చేతిలో ఏ మరా పొడిగా బిగియదు. ఉన్నిని ఉడకబెట్టి, తేలిన జిడ్డు తీసి డబ్బాల్లో నింపుకుంటాడు. గాలిమరకి, పంపుకి, గేటు గొళ్ళేనికి, చివరికి నా కుట్టుమిషనుకి కూడా అదే రాస్తాడు.

మూడున్నరకి పిలిచాడు. "రావమ్మా ఇంజనీరమ్మా, వచ్చి తప్పులు పట్టు. కుక్క గొలుసుతో కట్టా, ఇక ఎక్కడికి పారిపోతుందో చూస్తా. నా పొగాకు పైపు కూడా గొర్రెల దొడ్లో పెట్టొచ్చా."

నవ్వాను. చాలా రోజులకి నవ్వాను.

పది నిమిషాలు తక్కువ నాలుగుకి క్లెమ్ గదిలోకొచ్చాడు. కుడి రెప్ప అప్పటికే వాలింది. "వస్తోంది," అని మంచం అంచున కూర్చుని మాస్కు అందుకున్నాడు. నేను వాల్వు మీద చెయ్యి వేశాను. వేళ్ళు జారాయి. వాసన చూస్తే గొర్రె కంపు.

"ఆబ్, దీనికేం రాశావు?"

"మన జిడ్డే. మర లోపలిదాకా పట్టించా. వెన్నలా తిరుగుతుంది, తిప్పి చూడు."

డ్రైవరు అన్న భగ్గుమనే మాట ఒక్కటే చెవిలో మోగింది.

"తిప్పు నెరిడా," అన్నాడు క్లెమ్.

"తిప్పను. జిడ్డు తగిలితే అంటుకుంటుందట."

"అరవై ఏళ్ళుగా రాస్తున్నా, ఎప్పుడూ ఏదీ అంటుకోలేదే!" అన్నాడు ఆబ్. "పోనీ గుడ్డతో తుడిచేస్తా, జరుగు."

"మర లోపలికి పోయింది, తుడిస్తే పోతుందా? ముట్టుకోకు!"

"నీకు దణ్ణం పెడతా, తిప్పు," క్లెమ్ పిడికిలితో కణత కొట్టుకుంటున్నాడు. "ఇల్లు తగలబడితే తగలబడనీ. తిప్పవే!"

సిలిండరుని రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డాను. నీళ్ళు కారే కంటితో నన్ను చూసి, "నేను చస్తుంటే చూడ్డం నీకు సరదాగా ఉందా?" అని బయటికి పోయాడు. ఆ మాట ఇప్పటికీ నా గుండెలో ఉంది.

"వెనకే వెళ్ళు ఆబ్!" అని అరిచాను. మొహం పాలిపోయిన ముసలాయన పరుగులాంటి నడకతో వెళ్ళాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, ముట్టుకోవద్దు, రేపు పొద్దున వచ్చి అంతా మారుస్తామన్నారు. తర్వాత నేను చెయ్యగలిగింది వినడమే. షెడ్డు వెనక రేకులు దడదడలాడాయి. ఒకసారి ఆ చప్పుడు ఆగింది. వంటింటి తలుపు కిర్రుమంది. దాహం వేసిందేమో అనుకున్నాను. మళ్ళీ రేకుల చప్పుడు మొదలైతే ప్రాణం లేచొచ్చింది, మనిషి ఉన్నాడని. అయిదున్నరకి వచ్చి టీ అడిగాడు.

మర్నాడు అదే డ్రైవరు సిలిండరూ రెగ్యులేటరూ మార్చి, తనే బిగించి, మాస్కు ఎలా పెట్టాలో మళ్ళీ చూపించి వెళ్ళాడు. ఆబ్ ఇంట్లోకి రాలేదు. ఎంత పిలిచినా నీళ్ళ ట్యాంకు దగ్గర జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

పది తక్కువ నాలుగుకి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఉతికిన తువాలుతో తుడుచుకుని వాల్వు తిప్పాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. బుస్సుమంది, అంతే. సంచీ ఉబ్బింది. క్లెమ్ ముందుకి వంగి పీలుస్తున్నాడు. అయిదు నిమిషాలు గడిచినా ఏమీ లేదు. పని చెయ్యకపోతే ఇంకేం మిగిలిందనుకున్నాను. ఎనిమిదో నిమిషానికి పిడికిలి విడింది. పన్నెండుకి మాస్కులోంచే అన్నాడు: "దిగుతోంది నెరిడా." నిన్న అన్నదానికి క్షమించమన్నాడు. నాకు ఏడుపాగలేదు.

క్లెమ్‌ని పడుకోమని, టీలోకి వేడిగా ఏదన్నా చేద్దామని వంటింట్లోకి వెళ్ళి పిండి డబ్బా తెరిచాను. అలవాటు ప్రకారం వేలితో తడిమాను. తగల్లేదు. మోచెయ్యి దాకా పెట్టి వెతికాను. తాళంచెవి లేదు.

పిండి చేతులతోనే ఆబ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా చేతులు చూసి, జేబులోంచి పిడికిలి తీసి విప్పాడు. అరచేతిలో తాళంచెవి, జిడ్డుకి అంటుకున్న పిండితో.

"నిన్న వాడే తెచ్చిచ్చాడు," అన్నాడు. "'ఇది ఎక్కడుందో నాకు ఏడాదిగా తెలుసు నాన్నా. ఇవాళ నా మీద నాకు నమ్మకం లేదు, నువ్వు పట్టుకో' అన్నాడు. ఇచ్చేసి మళ్ళీ రేకుల దగ్గరికి పోయాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"వాడలా అవడానికి నా జిడ్డే కారణమని ఏ మొహంతో చెప్పను? నిన్నట్నుంచి చెయ్యి బయటికి తియ్యలేదమ్మా. జిడ్డు చేతులు కదా, ఎక్కడ జారిపోతుందోనని."

ఆ చేతిని నా రెండు చేతులతో మూసేశాను. ఆ సాయంత్రమే తుపాకులన్నీ ట్రక్కులో వేసి పక్క పొలం వాళ్ళింట్లో దింపొచ్చాం, ఆయనా నేనూ. ఈ ఏటి నొప్పి ఇంకా ఎనిమిది వారాలుంది.