బుస్సుమనే పంపు

మా ఊరి అంజయ్య పటేలు కోళ్ల ఫారం కంపు సంగతి చెబితే మీరు నమ్మరు. మేడ్చల్ పోయే బస్సు అక్కడికి రాగానే డ్రైవరు స్టీరింగు వదిలేసి రెండు చేతులతో ముక్కు మూసుకునేవాడు. బస్సుకు కూడా ఆ కంపు పడక, ఎవరూ తిప్పకుండానే మలుపు తిరిగి పారిపోయేది. కాకులైతే మా ఊరు దాటేదాకా ఊపిరి బిగబట్టి ఎగిరేవి.

అంత కంపులోనూ పటేలు ఇంటి అరుగు మీద హాయిగా గుర్రుపెట్టేవాడు. అదంతా మనవడు అభిలాష్‌కు ఉబ్బసం వచ్చేదాకానే. తొంభై ఆరులోనో ఏడులోనో పిల్లవాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. పట్నంలో సుచిత్ర చౌరస్తా దగ్గర పెద్ద డాక్టరుకు చూపిస్తే నీలం రంగు పంపు రాసిచ్చాడు. నోట్లో పెట్టుకుని నొక్కితే బుస్సుమని మందు లోపలికి పోతుంది.

"కోళ్ల దుమ్ము ఇంటి పక్కన ఉంటే ఎన్ని పంపులిచ్చినా లాభం లేదు. ముందు ఫారం తీసెయ్యండి" అన్నాడాయన.

తాత అంటే అలా ఉండాలి. నెల తిరక్కుండా ఫారం లేపాడు పటేలు. లేపి, తీసుకెళ్లి లంబాడీ తండా నెత్తిన పెట్టాడు.

"ఏం పటేలా, తండోళ్లకు ముక్కులు లేవా?" అని హోటల్ దగ్గర అడిగాను.

"ముక్కులున్నయి గని, మన తీర్గ నాజూకువి గావు. దుమ్ముల పుట్టిండ్రు, దుమ్ముల పెరిగిండ్రు. వాళ్లకేమైతదే?"

హోటలంతా నవ్వింది. ఆ పూట చాయ్ కూడా బాగా కుదిరింది.

ఫారంలో పని తండా మనిషి లక్ష్మణ్‌ది. అతని గుడిసె ఫారం ఇనప జాలీకి ఆనుకునే ఉండేది. కోళ్ల కింది ఎరువు ఎత్తితే ఆ దుమ్ము వచ్చి వాళ్ల అన్నం గిన్నెలోనే వాలేది. ఏడాదికల్లా ఆరేళ్ల కూతురు జమ్లీకి అభిలాష్ కూతలే వచ్చాయి. మేడ్చల్‌లో చూపించారు. అక్కడి డాక్టరు ఎక్కడుంటారని అడగలేదు. అద్దాల రవిక తొడుక్కున్న తల్లిని చూశాడు, అంతే.

"మీ జాతిలోనే ఉంటుందమ్మా ఇది" అని దగ్గు మందు సీసా చేతిలో పెట్టాడు.

లక్ష్మణ్ పటేలు వాకిట్లో నిలబడ్డాడు. "పటేలా, పోరికి దమ్ము ఆడ్తలేదు. గుడిసె జర దూరం ఏసుకుంట. గా గుట్టకాడ జాగ చూపియ్యి."

"గుట్టకాడ ప్లాట్లు జేస్తున్న గదరా! ఆడ నీ గుడిసె గనవడితె కొనేటోడు కారు దిగుతడా?"

పటేలు భార్య పద్మమ్మది మాత్రం జాలిగుండె. ఆమె ఏదీ పారెయ్యదు. నూనె డబ్బా అయిపోతే బోర్లించి, చివరి చుక్క దాకా దింపుతుంది. చిరిగిన చీర, పులిసిన కూర అన్నీ తండాకే. మందు అయిపోయాక కూడా పంపు ఉత్త గాలికి బుస్సుమంటుందని, అప్పుడు పారెయ్యాలని పెద్ద డాక్టరు చెప్పే ఉన్నాడు. అభిలాష్ పంపు అయిపోయిన రోజు ఆమె నొక్కి చూసింది.

"ఇంక బుస్సుమంటాంది గదా, పారేస్తె పాపం. తీస్కపోరా లచ్చుమా, నీ పోరికి పెట్టు."

లక్ష్మణ్ దాన్ని కళ్లకద్దుకున్నాడు. జమ్లీ దారం కట్టి మెడలో వేసుకుంది. కూత వచ్చినప్పుడల్లా నొక్కుకునేది. పటేలింటి మందు కదా, తగ్గిందనే అనుకునేది.

శ్రావణంలో, ఎరువు లారీకి ఎత్తుతున్న పొద్దున, జమ్లీ కూలబడింది. పెదవులు నేరేడుపండ్ల రంగుకు తిరిగాయి. లక్ష్మణ్ పంపు నొక్కాడు. బుస్సుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ బుస్సుమంది. పిల్లను భుజాన వేసుకుని పటేలు ఇంటికి ఉరికాడు. కిటికీలో కొత్త పంపు ఉంది, నిండుది.

"అమ్మా, నీ కాల్మొక్త, గా కొత్తది ఒక్కసారి..."

పద్మమ్మ దాన్ని తీసి కొంగులో దాచుకుంది. "నోట్లె పెట్టుకునేది గదరా! నీ పోరి ఎంగిలి జేస్తె మా పిల్లగాడు మల్ల ఎట్ల పెట్టుకుంటడు?"

"మీ బాబు ఎంగిలిది నా బిడ్డ పెట్టుకుంది గదమ్మా."

"మాటలు మస్తు నేర్చినవ్. గది వేరు, గిది వేరు. జల్దీ దవాఖానకు తీస్కపో."

బస్సు వచ్చేసరికి జమ్లీకి దవాఖానతో పని లేకుండా పోయింది. ఆ రోజు డ్రైవరు ముక్కు మూసుకోలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టి, పీనుగును ఎక్కించుకోనని సాగిపోయాడు.

"అంత పిరమైన మందు ఇచ్చినం," అన్నాడు పటేలు హోటల్లో. "మా పిల్లగానికి పని జేసిన మందే. గా పోరికి జెయ్యలే. వాళ్ల నెత్తురే వేరుంటది."

నా కోతలు మా ఊరి పొలిమేర దాటవు. పటేలు కోత మాత్రం షామీర్‌పేట దాకా పోయి, డాక్టరు చెప్పిన మాటై తిరిగొచ్చింది.

మళ్లీ పనిలోకి వచ్చిన రోజు లక్ష్మణ్ దారంతో సహా పంపును పద్మమ్మ ముందు పట్టాడు.

"ఇగో అమ్మా, మీది. ఇంక బుస్సుమంటాంది."

ఆమె ముట్టుకోలేదు.

"గా గోడ మీద పెట్టు. తండల ఇంకెవరికన్న పనికొస్తది."