రెండో నెంబరు

షట్టరు ఎత్తి, మెట్టు మీద నీళ్ళు జల్లి, కంప్యూటరుకి అగరొత్తి చూపించందే పావని ఎవరి కాగితమూ ముట్టుకోదు. అనకాపల్లి రిజిస్ట్రారాఫీసు సందులో టైపు సెంటర్లు చాలానే ఉన్నాయి. కుటుంబ ఒప్పందాలకి మాత్రం జనం ఆమె దగ్గరికే వస్తారు. కారణం అందరికీ తెలిసిందే. పావని జాబితాలో ఒక పేరు మీద కర్సరు పెట్టి టాబ్ నొక్కితే ఆ పేరు కుడికి జరిగి పై పేరు కిందకి చేరుతుంది. రెండో నెంబరు కాస్తా ఒకటి పాయింట్ ఒకటి అయిపోతుంది. ఆ పేరుగల మనిషి కూడా, ఎక్కడుంటే అక్కడే, జానెడు నేలలోకి దిగిపోతాడు.

ఊళ్ళో ఎవరికీ ఇది వింత కాదు. చీలమండలు కనబడకుండా నడిచే మనిషి బజార్లో ఎదురైతే "ఎవలి కింద ఏసేర్రా నిన్ను?" అని పలకరించి ఎవరి దారిన వాళ్ళు పోతారు. పొలాలు, పశువులు, మోటార్లూ అంతే. ఎవరి నెంబరు కింద ఉంటే వాళ్ళ మాటే వింటాయి. వేరేవాళ్ళు స్విచ్చి వేస్తే మోటారు ఉలకదు, పలకదు.

ఆ రోజు మొదటి బేరం నానాజీది. కె. కోటపాడు దగ్గర పల్లెటూరు ఆయనది. జేబులో మూడు పెన్నులు, ఒక్కటీ రాయదు. వెనకాలే ఆయన తమ్ముడి భార్య బుల్లమ్మ వచ్చింది. పరదేశి అనే ఆ తమ్ముడు చనిపోయాడు గానీ, అతను ఉన్నప్పుడూ లేనప్పుడూ ఆ ఉమ్మడి చెరుకుతోటని సాకింది ఆవిడే. నాటించడం, నరికించడం, బెల్లం వండించడం అన్నీ ఆవిడ చేతి మీదే. ఇప్పుడు నానాజీకి తోట కొట్టేసి ప్లాట్లు వెయ్యాలని పుట్టింది. బుల్లమ్మ ఒప్పుకోవడం లేదు. అందుకని ఆవిణ్ణి కాగితం మీదే దింపేద్దామని తీసుకొచ్చాడు.

"ఒకటో నెంబరు నాను," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "నా కింద ఇది. ఆ తరవాత సెరుకుతోట, బోరు, గానుగ, ఎడ్లు. అన్నీ నా కిందే."

"మనుషుల్ని ఆఖర్న వేస్తారండీ మామూలుగా," అంది పావని.

"సెప్పింది ఎయ్యమ్మా. ఇది నా కళ్ళెదురుగుండా, అన్నిటికన్నా ముందుండాల. ఇదుగో, కాయితం కూడా తెచ్చేను. నా సంతకం, ఊరి పెద్దల సంతకాలు అన్నీ అయిపోనాయి. పైన అచ్చేసీడవే."

తెల్లకాగితం మీద సంతకం పెట్టకండిరా అని ఊరందరికీ బుద్ధి చెప్పే పెద్దమనిషి ఆయనే.

పావనికి ఒళ్ళు మండింది. అయినా కూలికి టైపు చేసేది కాబట్టి పేర్లన్నీ వరసగా కొట్టి, బుల్లమ్మ దగ్గర్నించి ఎడ్ల దాకా ఒక్కొక్కటే టాబ్ నొక్కింది. బుల్లమ్మ పాదాలు గచ్చులోకి దిగిపోయాయి. ఆవిడ గోడ పట్టుకోలేదు. చీర కుచ్చెళ్ళు మాత్రం కాస్త పైకి దోపుకుంది.

"మోకాల్దాకా బురదలో దిగి బతికినదాన్ని బావా. జానెడు గచ్చు నాకో లెక్కేటి?" అంది. గొంతు వీసమెత్తు తగ్గలేదు. "నాను ఈ కాయితం మీద సంతకం ఎట్టను. నన్ను నీ కింద నుంచి తీసేదాకా ఇక్కణ్ణుంచి కదలను. గుమ్మానికి అడ్డంగా నిలబడతాను. ఏటి సేత్తావో సెయ్యి."

అన్నట్టే నిలబడింది. బయట జనం పోగయ్యారు. అచ్యుతాపురం కంపెనీ బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి తొంగి చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. నానాజీకి తల కొట్టేసినట్టయింది.

"సరేలే, తీసీ," అన్నాడు పావనితో. "రెండో నెంబరే కావాలంట, ఇచ్చీ. నెంబరు ఉడకేసుకుని తింటాది."

"ఆవిడ పేరొక్కటే కదండీ?"

"అదొక్కటే. మిగిలినవాటి మీద సెయ్యెయ్యకు."

పావని మిగిలినవాటి మీద చెయ్యి వెయ్యలేదు. కర్సరు బుల్లమ్మ పేరు మీద పెట్టి, షిఫ్టు పట్టుకుని టాబ్ నొక్కింది. పేరు ఎడమకి వచ్చి రెండు అయింది. బుల్లమ్మ గచ్చులోంచి పైకి లేచింది. ఆవిడ పేరు కింద ఉన్న చెరుకుతోట రెండు పాయింట్ ఒకటి అయింది. బోరు రెండు పాయింట్ రెండు. గానుగ, ఎడ్లు కూడా వరసగా ఆవిడ కిందకే వచ్చేశాయి. వాటినెవరూ జరపలేదు. వాటికి పైన ఉన్న పెద్ద నెంబరు ఇప్పుడు బుల్లమ్మది, అంతే.

నానాజీ కళ్ళజోడు వెతుక్కునేలోపు పావని ప్రింటు కొట్టింది. పెద్దల సంతకాలకి పైన వరసలన్నీ అచ్చయి, కాగితం వేడివేడిగా బయటికొచ్చింది. బుల్లమ్మ పావని పెన్ను తీసుకుని, తొందర పడకుండా, గుండ్రంగా సంతకం పెట్టింది.

"ఇదేటిది? తోట దాని కిందకి ఎల్లిపోనాదేటి? మార్సు, మార్సు," అన్నాడు నానాజీ.

"చెయ్యెయ్యొద్దన్నారు, వెయ్యలేదండీ. కంప్యూటర్లో అయితే టాబ్ ఉంది. సంతకాలైన కాగితానికి ఎక్కడుంటుంది?" అంది పావని. చాలా రోజుల తర్వాత ఆమెకి తన పని మీద ఇష్టం కలిగింది.

అంతలో నానాజీ ఫోను మోగింది. తోట దగ్గర్నించి కొడుకు తారక్.

"నానా, ప్లాట్ల రాళ్ళు పాతుదామంటే గునపం దిగటం లేదు. ఇప్పటిదాకా బాగానే దిగింది. ఎడ్లు కూడా పిన్ని సావిట్లోకి ఎల్లిపోయి పడుకున్నాయి. ఎంత అదిలించినా లెగటం లేదు."

బుల్లమ్మకి ఆ మాటలన్నీ వినబడ్డాయి. "ఆ రాళ్ళు గట్టు మీద పడీమను. సాకిరేవుకి పనికొత్తాయి," అంది కాగితం మడిచి బొడ్లో దోపుకుంటూ. గుమ్మం దాటబోతూ ఆగి వెనక్కి తిరిగింది. "ఒకటో నెంబరు నీదే బావా. దాన్నెవులూ ముట్టుకోలేదు."

మెట్టు దిగి, మడమలు టపటపమనిపించుకుంటూ ఆటోల వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు తోటకి నీళ్ళు కట్టాలి.

నానాజీ కుర్చీలోంచి లేవలేదు. "నా కింద ఇంకేటున్నాది, సూడమ్మా," అన్నాడు.

పావని స్క్రీను ఆయన వైపు తిప్పింది. ఒకటి, నానాజీ. ఆ తర్వాత రెండే.