పనిచేసిన మందు

ముక్కుకి తువ్వాలు బిగించుకుని వరప్రసాదం నీడన ఆరిన నేలవేము ఆకుని మిక్సీలో వేసి తిప్పుతున్నాడు. సన్నటి పొడి లేచి కనుబొమలకి పట్టేసింది. ఈ చేదు ఇంటికెళ్ళి అన్నం కలుపుకున్నా వేళ్ళని వదలదు. రోజూ రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగడం. ఈ మందుల పరిశోధన లాబ్‌లో అటెండరు పనిలోనే జుట్టు నెరిసింది. ఇన్నేళ్ళలో అతన్ని ఎవరూ ఒక సలహా అడిగిన పాపాన పోలేదు.

మొన్నీమధ్య గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద ఈ ఆకు సారం డెంగీ వైరస్‌ని అణిచిందని లాబ్ నడిపే అపర్ణ మేడమ్ స్వీట్లు పంచింది. గాజు పళ్ళెం సంగతి దారిలో ఎక్కడ జారిపోయిందో గాని, రేపల్లె చేరేసరికి "మా మందు పనిచేసింది" అన్న ముక్కే మిగిలింది. అప్పట్నుంచి వీధిలో అతను డాక్టరు గారు. వేళాకోళానికే పిలిచినా, ఆ పిలుపు అతనికి నచ్చింది. పక్కింటి టైలరు బాబూలాల్‌కి డెంగీ అని తేలితే, భార్య జానీ బీ ఆస్పత్రి మానేసి అతన్నే అడిగింది. గుప్పెడు ఆకు తెచ్చిచ్చి, పూటపూటా కషాయం కాచి పట్టించమన్నాడు.

ఈ పొద్దున బండికి బయల్దేరుతుంటే ఆమె గుమ్మంలో నవ్వుతూ నిలబడింది.

"జ్వరం దిగిందన్నయ్యా! కడుపులోనే నొప్పంటన్నాడు."

"చేదు కదమ్మా, అలాగే ఉంటది. ఆపమాక."

ఆ ముచ్చటే ఇప్పుడు మేడమ్‌కి గొప్పగా చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"జ్వరం దిగాకే అసలు ప్రమాదం, ప్రసాదం గారూ. కడుపునొప్పంటే ఇంకా భయం. వెంటనే ఆస్పత్రిలో చేర్చమనండి. ఆ మందు మనం ఇంకా ఎలుకలకి కూడా పట్టించలేదు!"

అతను ముక్కుకున్న తువ్వాలు లాగేశాడు. ఫోన్ చేస్తే జానీ బీ గుసగుసగా పలికింది. "ఇప్పుడే కునుకు పట్టిందన్నయ్యా. ఒళ్ళు చల్లగా ఉంది. లేచాక తీసుకెళ్తాలే."

"లేపమ్మా! ఇప్పుడే ఆటో పిలువు!" అని అరిచాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు.

ఉన్నపళంగా బయల్దేరాడు. తెనాలిలో రేపల్లె బండి ఎంతకీ కదలదు. "చచ్చిపోమాకురా బాబూలాల్" అని పైకే అనేశాడు. ఎదురు సీటాయన వింతగా చూసి కాస్త పక్కకి జరిగాడు.

పొద్దువాలేసరికి ఇల్లు చేరాడు. పక్కింటి ముందు జనం. ఆటో ఎక్కిస్తుండగానే ప్రాణం పోయిందని ఎవరో చెప్పారు. జానీ బీ అతన్ని చూసి లేచి నిలబడింది. తిట్టలేదు.

"ఆపలేదన్నయ్యా" అంది. "నువ్వు చెప్పినట్టే, ఒక్క పూట కూడా ఆపలేదు."

కుట్టుమిషను మీద, చల్లారాక తాగుతాడని మూతపెట్టిన స్టీలు గ్లాసు నిండుగా ఉంది.