సముద్రం మధ్యలో అమ్మమ్మ కొట్టు

కొరియాలో సముద్రం ఒడ్డున ఉన్న మా టోంగ్యోంగ్ ఊరి బడిలో పెద్దల ముందు పాఠం అంటే పెళ్ళిచూపులే. పిల్లలు ఏం చెప్పాలో వారం ముందే బట్టీ. చదువు కష్టమయ్యే పిల్లల గదికీ మినహాయింపు లేదు.

ఆ గదిలో గోడకి పెద్ద టచ్ స్క్రీన్, అందులో మా ఊరి మ్యాప్. బస్ స్టాపుల పేర్ల బదులు పిల్లలు తీసిన ఫోటోలు, రికార్డు చేసుకున్న గొంతులు. బస్సు దారిని స్టాపు తర్వాత స్టాపు నొక్కుతూ వెళ్ళాలి; తప్పయితే ఎర్ర గుర్తు. బడి కంప్యూటర్లు చూసే టీచర్ని నేనే. పదకొండేళ్ళ సోదమ్‌కి అక్షరాలు ఒక్కచోట నిలబడవు. దానికి ఒకటే కోరిక: ఒంటరిగా బస్సెక్కి, చేపల బజారులో అమ్మమ్మ కొట్టుకి వెళ్ళాలి.

"తప్పు స్టాపులో దిగితే ఏం చేస్తావే?" అనేది వాళ్ళమ్మ. చివరికి, "పాఠం రోజు స్క్రీన్ మీద వెళ్ళి చూపించు, అప్పుడు చూద్దాం" అంది.

ఆ రోజు పొద్దున్నే మ్యాప్ కంపెనీ బోంగ్ సారు దిగాడు. ప్రిన్సిపాల్ గారి చెవిలో ఏదో ఊది, నా దగ్గరికొచ్చాడు.

"వేడుక మోడ్ పెట్టా. ఎక్కడ నొక్కినా కరెక్టే. పాపం, పిల్లలు బాధపడకూడదు కదా!"

పిల్లలట! చెమటలు పడుతున్నాయి ఆయనకే.

విద్యాశాఖ పెద్దలు బూట్లు బయట విప్పి, బడి వాళ్ళిచ్చిన చెప్పులు తొడుక్కుని, తల్లిదండ్రుల పక్కన వెనక నిలబడ్డారు. సోదమ్ మొదటి స్టాపు నొక్కింది. తెర నిండా బాణసంచా. రెండోది తప్పు నొక్కింది. మళ్ళీ బాణసంచా. మొహం చిట్లించి, వేలు తీసుకెళ్ళి సముద్రం నడిమధ్యలో పెట్టింది.

"శభాష్! అమ్మమ్మ కొట్టు!" అంది మ్యాప్.

పెద్దల చప్పట్లు.

"అమ్మమ్మ మునిగిపోయిందా?" అంది సోదమ్.

చప్పట్లు ఒక్కొక్కటే చల్లబడ్డాయి. ప్రిన్సిపాల్ గారు పళ్ళికిలించి, "ఊహాశక్తి చూశారా!" అన్నారు.

"టీచర్, ఇది అబద్ధాలాడుతోంది. రోజూ పెట్టేది పెట్టరా?"

బోంగ్ సారు నాకేసి గుడ్లురిమాడు. నేను రెండు నొక్కుల్లో ఆయన వేడుక ముగించా. విద్యాశాఖ పెద్దలకి అప్పుడే కాఫీ గుర్తొచ్చింది, బయటికి నడిచారు.

సోదమ్ మళ్ళీ మొదలెట్టింది. మూడో స్టాపులో ఎర్ర గుర్తు, కీచుమని శబ్దం.

"ఛ, ముందే దిగేశా." అటూ ఇటూ వెతికి, పడవల కొట్టు ఫోటో ఉన్న స్టాపు పట్టుకుని, మళ్ళీ బస్సెక్కి, వంతెన దాటి, బజారులో దిగింది. బాణసంచా లేదు. స్క్రీన్‌లోంచి అమ్మమ్మ గొంతు: "వచ్చావా? ముందు చేతులు కడుక్కో!"

"ఆ ఎర్ర గుర్తు మా కంపెనీ ప్రచారం ఫోటోల్లో పడలేదు కదా?" అన్నాడు బోంగ్ సారు.

సోదమ్ వాళ్ళమ్మ ఆయన్ని చేత్తో పక్కకి జరిపి కూతురి దగ్గరికొచ్చింది.

"తప్పు దిగి కూడా వెళ్ళిపోయావే! సరే, శనివారం వెళ్ళు. దిగగానే ఫోన్ చెయ్. తప్పు స్టాపులో దిగినా సరే, చెయ్."